అడుగు నీళ్లు

దిండి వంతెన ఇవతల వశిష్ఠ గట్టు దిగి, కొబ్బరి తోటల మధ్య నుంచి చెరువుల వైపు పోయే దారిలో ఒక చిన్న గది ఉంది. ముందు రేకుల పంచ, లోపల ఒక బల్ల, దాని నిండా సీసాలు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే గది అది. సంక్రాంతి దగ్గర పడింది కాబట్టి రిసార్టుకు వచ్చే కార్లు, హౌస్‌బోట్ల దగ్గర ఫోటోలు దిగడానికి పోయే కుటుంబాలు పొద్దుటి నుంచే ఆ దారిన తిరుగుతున్నాయి. ఆ గది మీద మాత్రం ఎవరి కన్నూ పడదు. మొన్న ఒక ఉదయం అక్కడ గంటసేపు కూర్చోవడం తటస్థించింది.

ఒక పెద్దాయన నీళ్ల సీసాతో వచ్చారు. రెండు రోజులుగా రొయ్య మేత సరిగ్గా తినడం లేదట. చెక్ ట్రేలో వేసిన మేత వేసినట్టే ఉంటోందట. గదిలో ఉన్న కుర్రాడు సీసా అందుకుని, మూత తీయకుండానే అడిగాడు.

"ఎక్కడ ముంచారండీ?"

"చెరువులోనేనయ్యా, ఇంకెక్కడ ముంచుతాను?"

"ఆయ్, చెరువులోనేనండీ. పైనా, అడుగునా అని."

పెద్దాయన కాస్త తటపటాయించి, గట్టు మీద నుంచి ముంచానన్నారు. కుర్రాడు ఆ సీసాను పక్కన పెట్టి, మూలనున్న వెదురు గడ తీశాడు. గడ చివర ఒక గాజు సీసా, దాని కింద తీగతో కట్టిన రాయి, మూతికి రబ్బరు బిరడా, బిరడాకు నైలాన్ తాడు. ముగ్గురం చెరువు దగ్గరికి వెళ్లాం. చెరువు మీదికి వేసిన బల్ల మీద నిలబడి గడను చాలా మెల్లగా నీళ్లలోకి దించాడు. సీసా అడుగుకు జానెడు పైన ఆగాక తాడు లాగాడు. నీటి మీదికి బుడగలు వరసగా వచ్చాయి. బుడగలు ఆగాక గడ పైకి తీశాడు. "మెల్లగా దించాలండీ. బురద లేచిందంటే లెక్క తప్పుద్ది" అన్నాడు, ఎవరితో అన్న మాటో తెలియకుండా.

గదికి వచ్చాక రెండు గాజు గొట్టాల్లో రెండు నీళ్లూ పోసి అమ్మోనియా పరీక్ష చుక్కలు వేశాడు. నాలుగైదు నిమిషాలకు పై నీళ్లు లేత పసుపు దగ్గరే ఆగిపోయాయి. అడుగు నీళ్లు ఆకుపచ్చకు తిరిగి, ఇంకాసేపటికి ముదురు పచ్చయ్యాయి. పెద్దాయన రెండు గొట్టాలనూ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. ఒకే చెరువు, ఒకే ఉదయం. "రొయ్య ఉండేది పైన కాదు కదండీ" అన్నాడు కుర్రాడు.

ఆ మాట అక్కడి నుంచి ఇంటిదాకా నాతో వచ్చింది. కిందటి నూరేళ్లలో జీవరసాయన శాస్త్రం నడిచిన దారంతా ఆ మాటలో ఉందనిపించింది. ఆ దారి మొదట్లో నిలబడ్డ మనిషి మన పక్క ఊరివాడు కావడం వల్ల, ఆయన పుట్టినరోజు పండగకు రెండు మూడు రోజుల ముందే వస్తుండడం వల్ల, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దిండి నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా గంట ప్రయాణం చేస్తే భీమవరం. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టింది అక్కడే. మద్రాసులో వైద్యం చదివి, 1922లో ఓడెక్కి బోస్టన్ చేరారు. మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర చేరి, 1925లో ఆయనతో కలిసి ఒక పద్ధతి ప్రకటించారు. రక్తంలోనో, కండలోనో, మూత్రంలోనో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి చెప్పే పద్ధతి అది. నమూనాకు ఆమ్లంలో కలిపిన మాలిబ్డేటు చేర్చాలి. ఫాస్ఫేటు ఉంటే దాన్ని పట్టుకుంటుంది. దానికి మరొక మందు కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫేటు అంత ఉన్నట్టు. ప్రపంచంలోని జీవరసాయన ప్రయోగశాలలు దశాబ్దాలపాటు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని దీన్ని వాడుకున్నాయి. ఇప్పుడు చెరువు నీళ్లలో ఫాస్ఫేటు చూసే చుక్కల మందులో వచ్చే నీలం కూడా ఆ కుటుంబానిదే.

ఈ పద్ధతిలోని అసలు అందం దాని తర్వాత జరిగిన దాంట్లో ఉంది. కండ నుంచి తీసిన ద్రవానికి ఈ మందులు కలిపితే నీలం రావలసినంత వేగంగా రాలేదు. కాసేపటికి కొంచెం, ఇంకాసేపటికి ఇంకొంచెం, అలా ముదురుతూ పోయింది. మరొకరైతే మందు పాడైందనో, చెయ్యి తప్పిందనో గొట్టం కడిగి మళ్లీ మొదలుపెట్టేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫేటు అందులో విడిగా లేదు, దేనికో అతుక్కుని ఉంది, ఆమ్లం తగిలాక మెల్లమెల్లగా ఊడి వస్తోంది అని తేల్చారు. అతుక్కున్న ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. అది 1927 సంగతి. కండ పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పేరుకుంటుంది. రెండేళ్లు తిరిగేసరికి, 1929లో, ఏటీపీ బయటపడింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్నే పట్టుకున్నారు. మనం రెప్ప వేయడానికీ, వాక్యం చదవడానికీ ఖర్చయ్యే నాణెం ఆ ఏటీపీ. గొట్టంలో నీలం ఆలస్యంగా వస్తుంటే కూర్చుని చూసిన ఓపికే అంత దూరం తీసుకెళ్లింది.

అయితే సుబ్బారావు గారి గొట్టంలోకి వచ్చింది నుజ్జయిన కండ. అప్పట్లో మరో దారి లేదు. కండను కోసి, దంచి, ఆమ్లంలో వేసి, మాంసకృత్తులు తీసేసి, మిగిలిన తేట ద్రవంలో రంగు చూడాలి. ఎంత ఉందో కచ్చితంగా తెలుస్తుంది. ఎక్కడ ఉండేదో తెలియదు. కోనసీమ వాళ్లకు ఇది చెప్పి ఒప్పించాల్సిన పని లేదు. 1986 వరదకు గట్లు తెగినప్పుడు లంక, పొలం, కాలవ, చెరువు, వీధి అన్నీ ఒకే నీరయ్యాయి. ఆ నీటిలో ఒక చెంబు ముంచి ఉప్పు ఎంతుందో కొలిస్తే ఒక అంకె వస్తుంది. అది ఏ మడిదో, ఏ కాలవదో ఆ అంకె చెప్పదు.

కణం కూడా గట్లున్న నేలే. పాఠ్యపుస్తకాల్లో గీసే బొమ్మ, గుండ్రటి సంచీ, మధ్యలో ఒక గోళీ, చుట్టూ జావ, మనల్ని తప్పు దారి పట్టించింది. నిజానికి అది ధవళేశ్వరం దిగువ నేలలా ఉంటుంది. 1852లో ఆనకట్ట లేచినప్పటి నుంచి ఇక్కడి నీరు తన ఇష్టానికి పోవడం లేదు. ఏ నీరు ఎప్పుడు ఏ కాలవలోకి, ఏ బోదెలోకి, ఏ మడిలోకి పోవాలో లాకులు, తూములు చూసుకుంటాయి. మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉండే కణంలోనూ అంతే. మామూలు కణద్రవ్యం పీహెచ్ 7.2 దగ్గర ఉంటుంది. కణం చెత్తను అరిగించుకునే లైసోజోము లోపల 5 కన్నా తక్కువ, అంటే పుల్లన. ఏటీపీ తయారయ్యే మైటోకాండ్రియా లోపలి గదిలో 8కి దగ్గర. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే ఆమ్లంలో పది రెట్లు. 5కీ 8కీ మధ్య వెయ్యి రెట్లు. ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో పల్చటి పొర మాత్రమే అడ్డం. ఒక గదిలో విషమైనది ఇంకో గదిలో అవసరం. చెరువులో రొయ్యను పెంచే ఉప్పునీరు గట్టు కిందుగా ఊరి పక్క మడిలోకి వస్తే వరి ఎర్రబారిపోతుంది. ఆ తగాదా ఎరిగినవారికి కణం సంగతి సగం తెలిసినట్టే.

గట్టు తెగితే లెక్క మారుతుందని పట్టుకున్న కథ ఒకటి చెప్పాలి. 1949లో బెల్జియంలోని లూవెన్‌లో క్రిస్టియాన్ డి డ్యూవ్ అనే వైద్యుడు కాలేయంలోని ఎంజైముల మీద పనిచేస్తున్నారు. అందులో ఒకటి ఫాస్ఫేటును కత్తిరించే ఎంజైము. ఊడిపడ్డ ఫాస్ఫేటును కొలిస్తే ఎంజైము ఎంత చురుగ్గా ఉందో తెలుస్తుంది. కాలేయాన్ని మెత్తగా, జాగ్రత్తగా నూరి తీసిన తాజా నమూనాలో అది ఉండాల్సిన దాంట్లో పదో వంతే పనిచేసింది. మిగిలిన నమూనాను ఫ్రిజ్‌లో పెట్టి, అయిదు రోజుల తర్వాత మళ్లీ చూస్తే పూర్తిగా పనిచేసింది. చల్లని పెట్టెలో అయిదు రోజులు కూర్చున్న ఎంజైముకు బలం ఎక్కడి నుంచి వచ్చింది? అది ఏదో సంచీలో మూసి ఉందని, తాజాగా ఉన్నప్పుడు సంచీ గట్టిగా ఉందని, నిలవ ఉన్నకొద్దీ పొర చివికి లోపలిది బయటికి కారిందని ఆయన ఊహించారు. ఆ సంచీకి 1955లో లైసోజోము అని పేరు పెట్టారు. 1974లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు గారి గొట్టంలో ఆలస్యం, డి డ్యూవ్ గారి ఫ్రిజ్‌లో ఆలస్యం. రెండు చోట్లా కొలత తప్పిందనుకుని పారబోయకపోవడమే కొత్త సంగతి చెప్పింది.

ఆ తర్వాతి తరం వాళ్లకు మరో కోరిక పుట్టింది. కణాన్ని నూరకుండా, అది బతికి, తింటూ, కదులుతూ ఉండగానే, ఏ గదిలో ఏం జరుగుతోందో చూడాలి. అంటే మూత బిగించిన సీసాను లోపలికి దించి, సరైన చోట మాత్రమే తెరవాలి. దిండి కుర్రాడి గడకు ఉన్నవే దీనికీ కావాలి. కిందికి తీసుకుపోయే రాయి, మూసి ఉంచే బిరడా, సమయానికి లాగే తాడు.

రాయి సంగతి మొదట. మైటోకాండ్రియా లోపలి గది బయటితో పోలిస్తే రుణావేశంతో ఉంటుంది, దాదాపు 150 నుంచి 180 మిల్లీవోల్టులు. ధనావేశం ఉన్న అణువు దేన్నయినా అది లాక్కుంటుంది. కానీ ఆవేశమున్న అణువులు నూనెలాంటి పొరను మామూలుగా దాటలేవు. 1969లో అప్పటి సోవియట్ యూనియన్‌లో లీబర్మన్, స్కులచేవ్ బృందం ఒక ఉపాయం చూపింది. ఆవేశాన్ని నూనెకు ఇష్టమైన పెద్ద గుత్తుల మధ్య దాచేస్తే అణువు పొరను దాటిపోతుంది. మధ్యలో ఫాస్ఫరస్, చుట్టూ మూడు బెంజీన్ వలయాలు ఉన్న గుత్తి అందుకు బాగా పనికొచ్చింది. సుబ్బారావు గారు కొలిచిన ఆ ఫాస్ఫరసే ఇక్కడ దారి చూపే రాయి అయింది. 60 మిల్లీవోల్టులకు పది రెట్ల చొప్పున లెక్క వేస్తే, ఆ గుత్తి తగిలించిన పదార్థం మైటోకాండ్రియాలో కొన్ని వందల రెట్లు పేరుకుంటుంది. కణం మొత్తానికి ఒక చిటికెడు ఇచ్చినా, పోయి పోయి ఆ గదిలోనే కుప్ప పడుతుంది.

లైసోజోముకు వేరే ఉపాయం. అది బెల్లం కుండలో చీమ పడ్డట్టు ఉంటుంది. కొద్దిపాటి క్షారగుణం ఉన్న అణువు మామూలుగా పొరలు దాటుకుని తిరుగుతుంది. పుల్లటి గదిలోకి అడుగుపెట్టగానే ప్రోటాన్ అంటుకుని ఆవేశం వస్తుంది. ఇక పొర దాటలేదు, అక్కడే ఉండిపోతుంది. మలేరియాకు మన ఏజెన్సీ ఊళ్లలో తరాలుగా మింగించిన క్లోరోక్విన్ మాత్ర పరాన్నజీవి లోపల పేరుకునేది ఇలాగే. దాని ఆహారపు సంచీ పుల్లన. మందు అక్కడ చిక్కుకుని దాని తిండిని పాడుచేస్తుంది.

బిరడా, తాడు కలిసిన పనితనానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 2008 నాటిది. కాలిఫోర్నియాలోని బర్క్లీలో క్రిస్టఫర్ చాంగ్, బ్రయాన్ డికిన్సన్ తయారుచేసిన అణువు. వెలుగునిచ్చే రంగుకు ఒక చివర బోరాన్ బిరడా బిగించారు. బిరడా ఉన్నంతసేపూ వెలగదు. మరో చివర మైటోకాండ్రియాకు తీసుకుపోయే ఫాస్ఫరస్ గుత్తి తగిలించారు. అది వెళ్లి మైటోకాండ్రియాలో కూర్చుంటుంది. అక్కడ హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడితే అదే బిరడాను ఊడదీస్తుంది, రంగు వెలుగుతుంది. తాడును లాగేది మనం కాదు, ఏ చర్యను చూడాలనుకున్నామో ఆ చర్యే. పెరాక్సైడ్ ఎక్కువైతే కణానికి చేటు. కొద్దిగా అయితే కణం తన పనులకు వాడుకునే కబురు. చేటా, కబురా అన్నది ఎంత, ఎక్కడ అన్న రెండు ప్రశ్నలూ కలిస్తే గానీ తేలదు.

మన దక్షిణాది నుంచి ఒక పేరు ఇక్కడ చెప్పకపోతే వెలితి. కేరళలో పుట్టిన యమునా కృష్ణన్ బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థలో పనిచేస్తుండగా 2009లో డీఎన్‌ఏతోనే ఒక పరికరం చేశారు. మామూలుగా విప్పుకుని ఉండే డీఎన్‌ఏ పోగు పులుపు తగిలితే ముడుచుకుంటుంది. రెండు చివర్లా రెండు రంగులు అతికిస్తే, ముడుచుకున్నప్పుడు రంగులు దగ్గరై వెలుగు మారుతుంది. కణం బయటి పదార్థాన్ని మింగి లైసోజోము దాకా పంపే దారి పొడుగునా పులుపు ఎలా పెరుగుతుందో బతికున్న కణంలోనే చూపించారు. వారసత్వాన్ని మోసే అణువును రొయ్యల చెరువు పీహెచ్ కాగితంలా వాడుకోవచ్చని అంతకుముందు ఎవరికి తోచి ఉంటుంది?

ఇక చిరునామాల సంగతి. కణంలో తయారయ్యే ప్రతి మాంసకృత్తు మీదా అది ఏ గదికి పోవాలో రాసే ఉంటుందని గుంటర్ బ్లోబెల్ చూపించారు, 1999లో నోబెల్ అందుకున్నారు. ఆ రాతను మనం కూడా వాడుకోవచ్చు. ఎలిస్ టింగ్ బృందం 2013లో మొక్కల ఎంజైము ఒకదాన్ని మార్చి, దానికి మైటోకాండ్రియా చిరునామా తగిలించి మనిషి కణాల్లోకి పంపింది. అది ఆ గదిలో కూర్చున్నాక ఒక్క నిమిషం పాటు పెరాక్సైడ్ ఇచ్చారు. ఆ నిమిషంలో తన చుట్టుపక్కల ఉన్న మాంసకృత్తులన్నిటికీ అది ఒక గుర్తు అంటించింది. పెళ్లింట్లో వచ్చినవాళ్లకు గంధం రాసినట్టు. తర్వాత గంధం అంటినవాళ్లను ఏరి లెక్కపెడితే 495 మాంసకృత్తులు తేలాయి. వాటిలో 31కి మైటోకాండ్రియాతో పని ఉందని అంతవరకూ ఎవరూ అనుకోలేదు. ఇదే కోవలో, జీవకణంలో ఉన్న దేనికీ తగలకుండా తమలో తామే ముడిపడే అణువుల రసాయన చర్యలను తయారుచేసినందుకు 2022 నోబెల్‌లో కారొలిన్ బెర్టోజీకి వాటా దక్కింది. కణం మామూలుగా తన పని చేసుకుంటుంటే, దాని మధ్యలోనే మన చర్య మనం నడిపించుకోవడం. ఇంత మర్యాదైన రసాయన శాస్త్రం ఉంటుందని మా చదువు రోజుల్లో ఊహకు కూడా రాలేదు.

ఇంతకూ భీమవరం కుర్రాడు 1929లో చూసిన ఏటీపీ ఎక్కడుంది? ఈ ప్రశ్నకు బతికున్న మనిషి కణంలో, గదులవారీగా స్పష్టమైన జవాబు రావడానికి దాదాపు 80 ఏళ్లు పట్టింది. 2009లో జపాన్‌లో హిరోమి ఇమామురా బృందం రెండు రంగుల మాంసకృత్తు ఒకటి కట్టింది. ఏటీపీని పట్టుకోగానే అది వంగుతుంది, రెండు చివర్ల రంగులూ దగ్గరై నీలం తగ్గి పసుపు పెరుగుతుంది. దాన్ని కణద్రవ్యంలోకి, కేంద్రకంలోకి, మైటోకాండ్రియాలోకి విడివిడిగా పంపి చూశారు. ఏటీపీ తయారయ్యే మైటోకాండ్రియా లోపలే ఏటీపీ తక్కువగా ఉంది. బయట ఎక్కువ. ఇది విన్నప్పుడు నాకు అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు గుర్తొచ్చింది. కాయ దింపిన తోటలో రాశి ఉండదు, అప్పటికే బండెక్కి ఉంటుంది. అమ్మకానికి పోవలసిన చోట గుట్టలు కనిపిస్తాయి. కణాన్ని నూరి కొలిచినన్నాళ్లూ తోట, మార్కెట్టు కలిసిపోయి ఒక్క అంకెగా కనపడ్డాయి.

సుబ్బారావు గారి ఇంకో పని కూడా ఇప్పుడు ఇదే ప్రశ్న అడిగించుకుంటోంది. ఆయన ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆయనకూ ఆ జబ్బు తగిలి ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి చేతిలో బతికి బయటపడ్డారు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూకు మందయింది. దాన్ని అటూ ఇటూ మార్చి చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చి 1948లో మొదటిసారి ఆ జబ్బును కొంతకాలం వెనక్కి నెట్టారు. ఆ ఫోలిక్ ఆమ్లం, అంటే ఫోలేటు, చేసే పని కణంలో ఒక్క చోట జరగదు. సగం మైటోకాండ్రియాలో, సగం బయట కణద్రవ్యంలో, రెండింటి మధ్యా సరుకు మారుతూ జరుగుతుంది. క్యాన్సర్ కణం ఏ పక్కను ఎంత వాడుకుంటోందో, ఏ తూము మూస్తే అది ఆగుతుందో వెతికేవాళ్లకు ఇప్పుడు గదులవారీ పనిముట్లే దిక్కు. బోదకాలు బాధ పుట్టింది మొదలు ఎరిగిన ఈ గోదావరి జిల్లాల వాళ్లం మాత్రం ఆయన్ని మరో మందుతో గుర్తుపెట్టుకోవాలి. 1947లో ఆయన బృందం తెచ్చిన డైఇథైల్ కార్బమజీన్. ఇంటింటికీ తిరిగి ఆశా కార్యకర్తలు మింగించే ఆ మాత్ర. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన వెళ్లిపోయారు. ఏ గదిలో ఏం జరుగుతుందో చూసే ఈ రోజులు చూసి ఉంటే ఎంత సంబరపడేవారో!

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వెలుగు కనిపించిందల్లా నిజం కాదు. ఆవేశాన్ని చూసి మైటోకాండ్రియాకు పోయే రంగు, ఆ ఆవేశం తగ్గగానే బయటికి జారిపోతుంది. అప్పుడు వెలుగు తగ్గడం పెరాక్సైడ్ తగ్గడం వల్లా, సీసా చోటు తప్పడం వల్లా? రంగు మోతాదు మించితే అదే మైటోకాండ్రియాను ఇబ్బంది పెడుతుంది. చూడటానికి వేసే కాంతే కొత్త పెరాక్సైడ్ పుట్టించవచ్చు. అందుకే బాధ్యతున్న శాస్త్రవేత్తలు బోరాన్ లేని జత అణువును కూడా పక్కన పెట్టి పోల్చి చూస్తారు, ఒకటికి రెండు పద్ధతుల్లో తేల్చుకుంటారు. చీకటి మధ్య ఆకుపచ్చగా, ఎర్రగా మెరిసే కణాల బొమ్మలు పత్రికల అట్టల మీద చూసినప్పుడు నాకు ముచ్చటే. ముచ్చటతో పాటు ఆ కుర్రాడి మాట కూడా గుర్తుంచుకోవాలి, బురద లేస్తే లెక్క తప్పుద్దని.

మా ఇంటర్ రోజుల్లో మేము చదివిన కాలేజీలో ఒక మంచి సూక్ష్మదర్శిని ఉండేది. అద్దాల బీరువాలో, గుడ్డ కప్పి. తనిఖీకి ఎవరైనా వస్తే గుడ్డ తీసేవారు. రెండేళ్లలో నా కన్ను దాని మీద ఒక్కసారి కూడా ఆనలేదు. పాడైపోతుందన్న భయం తప్ప ఎవరి మనసులోనూ చెడ్డ లేదని ఇప్పుడు అర్థమవుతుంది. అయినా ఆ రెండేళ్లు తిరిగి రావు. కణం అంటే పరీక్షలో గీసే గుండ్రటి బొమ్మ అన్న అభిప్రాయంతోనే బయటికి వచ్చాను.

కోట్ల రూపాయల యంత్రాలు హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఉండనివ్వండి. మలికిపురంలోనో, రాజోలులోనో ఒక పిల్ల తన కంటితో కణంలోని గదిని చూడటానికి ఒక ఉల్లిపాయ చాలు. లోపలి రేకు మీది పల్చటి పొరను ఒలిచి, న్యూట్రల్ రెడ్ అనే రంగు బాగా పలచన చేసి అందులో పది నిమిషాలు ఉంచి, గాజు పలక మీద పెట్టి చూస్తే, ఇటుకలు పేర్చినట్టున్న కణాల్లో మధ్యనున్న పెద్ద రిక్తిక మాత్రం ఎర్రబారి ఉంటుంది. చుట్టూ ఉన్న కణద్రవ్యం రంగు పట్టదు. పైన చెప్పిన బెల్లం కుండలో చీమ ఉపాయమే ఇదీ. రిక్తిక పుల్లన, రంగు లోపలికి పోయి చిక్కుకుంది. కణం బతికి ఉన్నంతసేపే ఆ గది అలా విడిగా కనిపిస్తుంది. చచ్చిన కణంలో రంగు అంతటా పాకిపోతుంది. గట్టు ఉండటం, గట్టు తెగడం రెండూ ఒకే పలక మీద చూడొచ్చు.

పలక కూడా వద్దంటే కాలవ గట్టుకు పోవాలి. తూటికాడ పూలు చూడని పిల్లలు కోనసీమలో ఉండరు. దాని దగ్గరి చుట్టమొకటి నీలాకాశం రంగు పూలు పూస్తుంది. మొగ్గలో ఎర్రటి ఊదాగా ఉండి, విచ్చుకున్నాక నీలమవుతుంది. రంగు పదార్థం మారదు, అదే. మారేది రెక్కలోని రిక్తిక పులుపు. 1995లో జపాన్‌లో కుమి యోషిదా బృందం సన్నటి ఎలక్ట్రోడును ఆ రిక్తికలోకే దించి కొలిచింది. మొగ్గలో పీహెచ్ 6.6, పువ్వులో 7.7. తెల్లారేసరికి పువ్వు తన గది తూము తానే తిప్పుకుని, ఆ సంగతి రంగులో చెబుతోందన్నమాట. ఆ ఒక్క విషయం చెబితే బోటనీ అంటే నీట్ ర్యాంకు తప్ప మరోటి ఎరగని పిల్లల్లో ఒక్కరైనా ఆగి చూడరా? శంఖుపువ్వు నీళ్లలో నిమ్మకాయ పిండి ఊదా రంగు చేసుకు తాగే పిల్లలకు ఇది అర్థం కాకుండా ఎలా ఉంటుంది? పాఠం చెప్పే మాస్టార్లను, అమ్మలను వేడుకునేది ఇదే. జనవరి 12న దండ వేసి ఫోటో తీసుకోవడంతో పాటు, ఒక ఉల్లిపాయ ఒలిపించండి. బీరువా తాళం ఆ పూటకు తీసి ఉంచండి.

ఆ ఉదయం సంగతి పూర్తి కాలేదు. రెండు గొట్టాల రంగులూ చూశాక పెద్దాయన ఎక్కువ మాట్లాడలేదు. మేత తగ్గించమన్నాడు కుర్రాడు, రాత్రి ఏరేటర్లు ఇంకో రెండు గంటలు ఎక్కువ తిప్పమన్నాడు, అడుగు నీరు కొంత తీయించమన్నాడు. "రేపు మళ్లీ చూద్దామండీ" అన్నాడు. పెద్దాయన తలూపి, మూలనున్న వెదురు గడ వైపు చూసి, అలాంటిది ఒకటి తనకూ కట్టి పెడతావా అని అడిగారు. కుర్రాడు నవ్వి, సీసాకు చీటీ అంటించడానికి పెన్ను తీశాడు. చెరువు నంబరు వేశాడు, తేదీ వేశాడు, టైము వేశాడు. ఆ పక్కన కాస్త పెద్ద అక్షరాలతో "అడుగు" అని రాసి, కింద గీత గీశాడు.